తూకమూ తీర్పూ: గంజాయి కేసులో శిక్ష ఎలా నిర్ణయమవుతుంది?

పోయిన ఏడాది కర్నూలులో జరిగిన ఒక కథాపఠన సభలో డిగ్రీ చదివే యువకుడొకడు తన కథ చదివాడు. కథ పత్తికొండ వైపు పల్లెది. వరసగా మూడేళ్లు వాన లేదు. బోరు ఎండింది. వేరుశనగకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. రైతు కొడుకు లారీ క్లీనరై, తర్వాత డ్రైవరై, ఐదు వేల రూపాయలకు ఒప్పుకుని సీటు వెనక ఒక బస్తా వేసుకొస్తూ పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర పట్టుబడతాడు. బస్తాలో 24 కిలోల గంజాయి. చివరి దృశ్యం కోర్టు. చంకన బిడ్డతో భార్య నిలబడి ఉంటుంది. జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, రెండేళ్ల శిక్షతో సరిపెడతారు. సభలో చప్పట్లు మోగాయి.

కరువును ఆ అబ్బాయి బాగా రాశాడు. బోరు ఎండిన రాత్రి తండ్రి మోటారు గది తలుపు మూసే ఘట్టం ఇప్పటికీ నాకు గుర్తుంది. కాని చివరి దృశ్యం అబద్ధం. 24 కిలోల గంజాయికి మన దేశంలో ఏ సెషన్స్ జడ్జీ రెండేళ్ల శిక్ష వెయ్యలేడు. వెయ్యాలన్న కోరిక ఉన్నా వెయ్యలేడు. ఆ సంగతి నేను చెబితే, "అదొక వివరం లెండి సార్, కథకు ముఖ్యం మానవత్వం గదా" అని ఒక మిత్రుడు సర్దిచెప్పబోయాడు. అది వివరం కాదు. ఆ కథలో ముద్దాయి బతుకును తేల్చేది జడ్జి హృదయమని పాఠకుడు నమ్మి ఇంటికి పోతాడు. దీనికి తలకిందులైన కథలూ వస్తున్నాయి. వాటిలో జడ్జి కర్కోటకుడు, పేదవాడంటే చీదరించుకుంటాడు. రెండింటిలోనూ తప్పు ఒకటే. వ్యవస్థ చేసే పనిని వ్యక్తి స్వభావానికి అంటగట్టడమే ఆ తప్పు. కాబట్టి ఈ రకం కేసుల్లో శిక్ష నిజానికి ఎలా నిర్ణయమవుతుందో మన కథకులకు కొంత వివరంగా చెప్పాలనిపించింది. నేను వకీలును కాను, తెలుగు పంతులును. చట్టాన్ని ఒక గ్రంథంగా చదివి, కొన్ని తీర్పులను గ్రంథపాఠాలుగా చదివి తెలుసుకున్నదే ఇది.

మత్తు నేరమూ కోర్టూ మన సాహిత్యానికి కొత్తవి కావు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు 1960ల మొదట్లో ‘ఆరు సారా కథలు’ రాసేనాటికి మద్యనిషేధం మన జిల్లాలకు పాతబడిన అనుభవం. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలంలో మొదలైన నిషేధం, 1938లోనే కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చింది. ఆయన వృత్తిరీత్యా విశాఖపట్నంలో న్యాయవాది. పోలీసు, సాక్షి, వకీలు, మేజిస్ట్రేటు ఎవరెక్కడ నిలబడతారో, ఎవరి మాట ఎక్కడ అమ్ముడుపోతుందో ఆయనకు తెలుసు. ఆ బలం కథల్లో కనిపిస్తుంది. ఇప్పుడు ఆ విశాఖ మన్యం నుంచి, దాన్ని ఆనుకున్న ఒడిశా కొండల నుంచి గంజాయి దిగుతున్నది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట పోసి తగలబెట్టారు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే పెద్దదారి కర్నూలు మీదుగానే పోతుంది. కనుక మన కథల్లోకి కూడా ఆ బస్తా వచ్చింది. రావలసిందే. అయితే సారా చట్టం వేరు, ఈ చట్టం వేరు. సారా కేసు మనస్తత్వంతో గంజాయి కేసు రాస్తే కుదరదు.

ఈ చట్టం పేరు మాదకద్రవ్యాలు, మనోప్రేరక పదార్థాల చట్టం, 1985. కోర్టు వరండాలో అందరూ ‘ఎన్.డి.పి.ఎస్.’ అనే అంటారు. అది 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. చరస్, హెరాయిన్ వంటివాటికి మొదట్లోనే పదేళ్ల కనీస శిక్ష పెట్టారు గాని, గంజాయికి మాత్రం గరిష్ఠంగా ఐదేళ్లే ఉండేది. కనీసం లేదు. అంటే ఆరోజుల్లో 24 కిలోలకు రెండేళ్లు వెయ్యడానికి జడ్జికి వీలుండేది. 2001లో చట్టాన్ని సవరించి, శిక్షను సరుకు బరువుకు కట్టారు. చిల్లరగా వాడుకునేవాడినీ పెద్ద వ్యాపారినీ ఒకే గాటన కట్టకూడదన్నది ఆ సవరణకు చెప్పిన కారణం. కారణం మంచిదే. కాని గంజాయి విషయంలో ఫలితం ఏమైందో చూడండి. కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం. దానికి గరిష్ఠ శిక్ష మొదట ఆరు నెలలు, 2014 సవరణ తర్వాత ఒక సంవత్సరం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్లదాకా పోగల కఠిన కారాగార శిక్ష, దానిమీద లక్ష రూపాయలకు తగ్గని, రెండు లక్షలదాకా పోగల జరిమానా. మధ్యలో ఉన్నదానికి పదేళ్లదాకా ఎంతైనా వెయ్యవచ్చు, కనీసం లేదు.

ఈ మూడు మెట్లను అర్థం చేసుకుంటే సగం విషయం తెలిసినట్టే. మధ్య మెట్టు మీద నిలబడ్డ ముద్దాయి విషయంలో జడ్జికి నిజంగా విచక్షణ ఉంది. వయసు, మొదటి నేరం, కుటుంబం, రిమాండులో గడిపిన కాలం, అన్నీ చూడవచ్చు. ఏడాది వెయ్యవచ్చు, ఏడేళ్లు వెయ్యవచ్చు. మన యువ రచయిత బస్తాలో 24కు బదులు 14 కిలోలు పెట్టి ఉంటే ఆ కళ్లద్దాల దృశ్యం, కొంచెం సినిమాగా ఉన్నా, అబద్ధం అయ్యేది కాదు. 20 కిలోల గీత దాటగానే జడ్జి చేతికి కిందివైపు గోడ కట్టేశారు. పైకి పోవచ్చు గాని కిందికి దిగడానికి లేదు. దిగితే ప్రాసిక్యూషన్ అప్పీలు మీద ఆ తీర్పు నిలవదు.

పోల్చి చూడండి. మా సీమ కథకులకు ముఠాకక్షల కేసులు బాగా తెలుసు. కొడవలి పట్టి మనిషిని నరికిన కేసు, హత్య కాదని పాత శిక్షాస్మృతి 304 సెక్షన్ రెండో భాగం కిందికి దిగితే పదేళ్ల లోపు ఎంతైనా వెయ్యవచ్చు, కనీసం లేదు. 21 కిలోల గంజాయి మోసినవాడికి పదేళ్లు మొదటి మెట్టు. గంజాయి మంచిదని నేననడం లేదు. మా బడి వెనక ప్రహరీ దగ్గర పిల్లలు ఏం పీలుస్తున్నారో చూస్తూ ఆ మాట అనలేను. పట్టుబడ్డవాడు ఎవడన్నదే నా ప్రశ్న.

ఇంతగా బరువు మీద ఆధారపడిన చట్టంలో అసలు నాటకం ఎక్కడ జరుగుతుంది? తీర్పు రోజున కాదు. సరుకు పట్టుకున్న రోజున, రోడ్డు పక్కన, తూకం దగ్గర. మన కథల్లో ఆ దృశ్యం దాదాపు కనిపించదు. పోలీసులు మధ్యవర్తులను పిలుస్తారు. ఇతర ప్రాంతాల్లో పంచులనేవారిని మన కోర్టుల్లో మధ్యవర్తులనే అంటారు. తరచుగా ఆ ఊరి రెవెన్యూ ఉద్యోగులే వస్తారు. వాళ్ల ఎదుట తూచి, నమూనాలు తీసి, సీలు వేసి, నివేదిక రాస్తారు. బస్తాతో కలిపి తూచారా, బస్తా బరువు తీసేశారా? చట్టం గంజాయి అంటున్నది పూత లేక కాయ పట్టిన కొసలను. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ గంజాయి కావు. బస్తాలో కాడలూ ఆకులూ కొసలూ కలిసి ఉంటే దేన్ని ఎంత తూచారు? నమూనా ఒక్క పొట్లం నుంచి తీశారా, ప్రతి పొట్లం నుంచీ తీశారా? 52-ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీశారా? ముద్దాయి తరఫు వకీలు పోరాటమంతా ఈ ప్రశ్నల మీదే. 52-ఎను పాటించాలని సుప్రీంకోర్టు 2016లో గట్టిగా చెప్పింది. పాటించకపోవడం ఒక్కటే కేసును కొట్టెయ్యడానికి చాలదని, దానివల్ల సాక్ష్యంలో అనుమానం వచ్చిందా లేదా చూడాలని 2025 జనవరిలో అన్నది. 50వ సెక్షన్ ప్రకారం ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా కోరే హక్కు నీకుందని ముద్దాయికి చెప్పాలి. ఆ రక్షణ ఒంటికే గాని చేతిలోని సంచికి వర్తించదని 2005 నాటి తీర్పు. మన డ్రైవరు సరుకు సీటు వెనక బస్తాలో ఉంది గనుక ఆ హక్కు అతనికి అక్కరకు రాదు.

ఇంకొకటి. సరుకు నా దగ్గర దొరికింది గాని అది ఏమిటో నాకు తెలియదని ముద్దాయి అంటే? మామూలు నేరాల్లో తెలిసి చేశాడని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యాలి. ఇక్కడ స్వాధీనంలో ఉన్నదని రుజువు చేస్తే చాలు, తెలిసే ఉంచుకున్నాడని కోర్టు ఊహిస్తుంది. తెలియదని రుజువు చెయ్యడం ముద్దాయి వంతు. అదీ అనుమానానికి తావు లేకుండా. "మూట ఇచ్చి కడపలో దించమన్నారు సామీ" అన్న మాట కథలో గుండెను కోస్తుంది. కోర్టులో దానికి సాక్ష్యం కావాలి. మూట ఇచ్చినవాడు సాక్ష్యం చెప్పడానికి వస్తాడా?

ఇక శిక్ష ఖరారయ్యే ఘట్టం. నేరం రుజువైందని చెప్పిన తర్వాత, శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా అని ముద్దాయిని అడగాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235వ సెక్షన్‌తో వచ్చిన హక్కు ఇది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 258వ సెక్షన్‌గా ఉన్నది. ఆ ఘట్టాన్ని నేనొకసారి కళ్లారా చూశాను. ఏ కోర్టో చెప్పను. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లవాడు, ఆటో నడిపేవాడు. వాళ్లమ్మ నన్ను తోడు రమ్మంది. సంచి తీసేసి సరుకు 21 కిలోల 400 గ్రాములు తేలింది. కాడల సంగతి అతని వకీలు లేవనెత్తాడు గాని నిలవలేదు. శిక్ష గురించి చెప్పుకొమ్మంటే ఆ పిల్లవాడు చేతులు కట్టుకుని, "ఇద్దరు బిడ్డలు సార్, మొదటి తప్పు" అన్నాడు. నన్ను చూసి పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు. జడ్జిగారు కటువుగా లేరు. నిదానంగా విన్నారు, రాసుకున్నారు. ఆ రెండు మాటలూ తీర్పులో ఒక్క వాక్యమయ్యాయి. కింది వాక్యం పదేళ్లు, లక్ష రూపాయల జరిమానా. బయటికొచ్చాక వాళ్లమ్మ ఏడవలేదు. "కిలోన్నర తక్కువుండింటే ఎంత పడేది సార్?" అని అడిగింది. నాకు జవాబు తెలుసు. చెప్పలేదు.

ఆ రెండు మాటలూ ఎందుకు చెల్లవో 2021 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు చెప్పింది. పంజాబ్ నుంచి వచ్చిన కేసు అది. ముద్దాయి దగ్గర కిలో హెరాయిన్ దొరికింది. హెరాయిన్‌కు వాణిజ్య పరిమాణపు గీత 250 గ్రాములు. కింది కోర్టు పదేళ్లతో ఆగకుండా పదిహేనేళ్లు వేసింది. పేదవాడు, మోసేవాడు మాత్రమే, ఇంటికి ఒక్కడే ఆధారం అని వాదించారు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షాల ధర్మాసనం, ఈ కారణాలు శిక్ష తగ్గించడానికి చాలవన్నది. హత్య కేసులో బాధితుడు ఒకడు, మాదకద్రవ్యాల కేసులో బాధితురాలు సమాజమే అన్నది దాని తర్కం. ఆ తర్కంలో బలం లేకపోలేదు. కాని మోసేవాడు కూడా ఆ సమాజంలోనివాడే అనే సంగతి ఆ తూకంలో ఏ పళ్లెంలోకి వస్తుంది? ప్రగతిశీల రచయిత అడగవలసిన ప్రశ్న ఇదని నా నమ్మకం.

కనీసం మీద ఇంకా ఎంత వెయ్యాలో చూడడానికి 32-బి సెక్షన్ కొన్ని అంశాలు చెప్పింది. ఆయుధం వాడాడా, ప్రభుత్వ పదవిని అడ్డం పెట్టుకున్నాడా, మైనర్లను దించాడా, బడి పరిసరాల్లో చేశాడా, ముఠాలో భాగమా అన్నవి. వీటితోపాటు సరుకు ఎంతున్నదన్నదీ చూడవచ్చని 2019 నాటి తీర్పు. అంటే బరువు రెండుసార్లు లెక్కకు వస్తున్నది, ఒకసారి మెట్టును నిర్ణయించడానికి, ఇంకోసారి ఆ మెట్టు మీద ఎత్తును నిర్ణయించడానికి. గమనించండి, ఈ జాబితాలో అన్నీ శిక్ష పెంచేవే. తగ్గించే జాబితా చట్టంలో లేదు. ఇంగ్లండులో 2012 నుంచి కోర్టులకు మార్గదర్శక సూత్రాలున్నాయి. అక్కడ సరుకు బరువుతోపాటు ముద్దాయి పాత్ర ఏమిటో, నడిపించినవాడా, ముఖ్యుడా, ఎవరో చెబితే మోసినవాడా అని ముందే తేల్చి, దానిమీద శిక్ష కొలుస్తారు. అక్కడ న్యాయం వెల్లివిరుస్తున్నదని కాదు. కాని ‘పాత్ర’ అనే మాట ఆ కొలతలో ఉంది. పాత్రచిత్రణ గురించి నిత్యం మాట్లాడుకునే మనకు ఆ తేడా తెలియాలి.

జరిమానా సంగతి మన కథకులు ఎవరూ పట్టించుకోరు. లక్ష రూపాయలు కట్టకపోతే ఇంకా ఎన్నాళ్లు జైల్లో ఉండాలో కూడా తీర్పులోనే రాస్తారు. మధ్యప్రదేశ్ కేసు ఒకదానిలో లక్ష కట్టలేనందుకు వేసిన అదనపు మూడేళ్లను 2007లో సుప్రీంకోర్టు ఆరు నెలలకు దించింది. కట్టలేనితనం పేదరికం వల్ల కావచ్చునని అంగీకరించింది. అంటే నేరానికి శిక్ష వేసేటప్పుడు తలుపు అవతల నిలబెట్టిన పేదరికాన్ని జరిమానా దగ్గర లోపలికి రానిచ్చింది. ఆదోని, కోసిగి నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే కుటుంబం లక్ష రూపాయలు మిగల్చాలంటే ఎన్ని సీజన్లు కొయ్యాలో మన కథకుడు లెక్కవెయ్యగలడు. జడ్జి కంటే అతనికే బాగా తెలుసు.

శిక్ష పడ్డాక కూడా ఈ చట్టం వదలదు. స్వాతంత్ర్య దినానికో గాంధీ జయంతికో ఇతర ఖైదీలకు దొరికే శిక్ష తగ్గింపు వీళ్లకు 32-ఎ సెక్షన్ అడ్డుకుంటుంది. 2000లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌లో కోర్టుల చేతులు కట్టిన భాగాన్ని కొట్టేసింది. కాబట్టి అప్పీలు విచారణలో ఉండగా శిక్షను నిలిపే అధికారం కోర్టుకుంది. తగ్గింపు నిషేధం మాత్రం నిలిచింది. పదేళ్లంటే పదేళ్లే. రిమాండులో గడిచిన కాలం అందులో కలుస్తుంది. ఆ రిమాండూ తక్కువది కాదు. 20 కిలోలు దాటిన కేసులో బెయిలు ఇవ్వాలంటే, ఇతను నేరస్థుడు కాదనుకోవడానికి తగిన కారణాలున్నాయని, మళ్లీ నేరం చెయ్యడని కోర్టు నమ్మాలి. విచారణ ఏళ్లతరబడి సాగితే బెయిలు ఇవ్వవచ్చని 2023లో సుప్రీంకోర్టు అన్నది. ఆ వాదన హైకోర్టుదాకా తీసుకుపోవడానికి వకీలు కావాలి, అమరావతికి బస్సు చార్జీలు కావాలి. హైకోర్టో రాజధానో మా సీమకని 1937లో శ్రీబాగ్‌లో రాసుకున్న ఒడంబడిక ఇలాంటప్పుడు గుర్తొస్తుంది.

మరి బస్తా పంపినవాడు? చట్టంలో అతనికి చోటు లేదనుకోవద్దు. డబ్బు పెట్టినవాడికి 27-ఎ సెక్షన్ కింద పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. కుట్రలో ఉన్నవాడికి 29వ సెక్షన్ కింద అసలు నేరానికున్న శిక్షే. కాగితం మీద అందరూ సమానులే. కాని బస్తాకూ అతనికీ మధ్య ఉన్న లంకె, పట్టుబడ్డవాడు అధికారుల దగ్గర చెప్పిన వాంగ్మూలం తప్ప తరచుగా వేరే ఉండదు. ఆ వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి అభిప్రాయంతో తేల్చింది. పౌరహక్కుల దృష్టితో అది సరైన తీర్పు. లాఠీ కింద పుట్టిన మాటను సాక్ష్యమనడానికి వీల్లేదు. అయితే అదే తీర్పు నీడలో పెట్టుబడిదారు కూడా నిలబడతాడు. అందుకని ఆ రక్షణ వద్దందామా? అనకూడదు. డ్రైవరుకున్న రక్షణల్లో అదొకటి. ఈ చిక్కు నిజమైనది. కథకుడు దీన్ని తేల్చనక్కరలేదు, దాచకుండా ఉంటే చాలు. మా కడప అడవుల్లో ఎర్రచందనం సంగతీ ఇదే. తమిళ కొండపల్లెల నుంచి కూలికి వచ్చి గొడ్డలి పట్టినవాడు దొరుకుతాడు. దుంగ కొన్నవాడి పేరు ఎవరికీ తెలియదు.

సభ ముగిశాక ఆ యువకుడితో ఇవన్నీ కొంతకొంతగా చెప్పాను. ముందు మొహం చిన్నబుచ్చుకున్నాడు. చివరి దృశ్యం తీసెయ్యాలా అన్నాడు. తియ్యవద్దన్నాను. భార్య కోర్టుకు రావచ్చు, బిడ్డ చంకన ఉండవచ్చు, జడ్జిగారి కళ్లు తడవనూ వచ్చు. తడిసిన కళ్లతోనే పదేళ్లు రాయమన్నాను. అలా రాస్తే పాఠకుడి చూపు జడ్జి ముఖం మీద ఆగకుండా ఆయన ముందున్న చట్టం పుస్తకం మీదికి పోతుంది. తూకం దృశ్యం ఒకటి కొత్తగా రాయమన్నాను. అది రాయాలంటే కోర్టుకు పోయి ఒకటి రెండు రోజులు వెనక బల్ల మీద కూర్చోమన్నాను. పబ్లిక్ ప్రాసిక్యూటరు మధ్యవర్తిని విచారించేటప్పుడు వినమన్నాను.

పోయాడట. పోయినవారం ఫోను చేశాడు. "సార్, బస్తా బరువు 20 కిలోల 300 గ్రాములు పెడుతున్నాను, సరిపోతుందా?" అన్నాడు. గోనెసంచి బరువు తీసేశాకనా, తియ్యకముందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మధ్యవర్తి పాత్రకు ఇంకో రెండు పేజీలు పడుతుంది సార్ అన్నాడు.